ఒక్క ఫీజుకి ఇద్దరు

బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు తోడికోడళ్ళలో పెద్దామె గుండీలు కుడుతుంది, చిన్నామె ఇస్త్రీ చేస్తుంది. ఒంట్లో బాగాలేకపోతే ఇద్దరి బాధలూ తనవే అన్నట్టు ఒకరే వెళ్ళి డాక్టరుకి చెప్పేవారు. ఫీజు ఒకటే, మాత్రలు చెరిసగం. రోజుకూలీలో సగం ఫీజుకే పోయే చోట తెలివంతా ఇలాంటి వాటికే ఖర్చవుతుంది.

ఒకసారి చిన్నామెకి కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది.

"నీ వాపులూ నా నడుం నొప్పీ కలిపి నేను చెప్పొస్తాలేవే," అంది పెద్దామె.

"కాళ్ళు చూపించమంటే?"

"ఆయన తలెత్తితే కదా."

డాక్టరు తలెత్తకుండానే రక్తపరీక్ష రాశాడు. పెద్దామె తన చెయ్యే చాపింది.

"ఏ రోగమూ లేదటే, నిక్షేపంలా ఉన్నావట," అని ఇంటికొచ్చి చెప్పింది. పరీక్షించింది ఎవరి రక్తమన్నది ఆ సంబరంలో ఇద్దరికీ తట్టలేదు. నడుం నొప్పికిచ్చిన మాత్రలు ఇద్దరూ నెలల తరబడి కొనుక్కుని మింగారు.

మాత్రలు మొదలెట్టిన ఎనిమిదో నెలలో చిన్నామె ఇస్త్రీ బల్ల దగ్గర కూలబడింది. రెండు కిడ్నీలూ పాడయ్యాయని, ఆ మాత్రలు ఉన్నది కాస్తా ఊడ్చేశాయని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది.

"వాపు మొదలైనప్పుడే రావద్దా అమ్మా?"

"వచ్చామండీ," అంది చిన్నామె. "అక్క వచ్చింది."

డాక్టరమ్మ చీటీ రాసి చిన్నామె చేతికే ఇచ్చింది. "వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. దీనికి మాత్రం నువ్వే రావాలి."

వారానికి మూడు సెలవులంటే పని ఉండదని ఇద్దరికీ తెలుసు.