పొడుగు తోక పురుగులు

నా భర్త పోయే ముందు ఏడాది కొంట ఊరి దగ్గరి మా చెలకలో జామాయిలు నాటాడు. మొక్కలు నడుం దాకా వచ్చాక ఆకుల ఈనెల మీద బుడిపెలు లేచాయి. లేత కొమ్మలు వంకరపోయాయి. మా మరిది చూసి, "ఇగ ఇది ఎదగది వదినె. పీకేసి జొన్న ఏసుకుందాం" అన్నాడు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు, కాదనడానికి ఓపిక లేదు.

పురుగుల చదువు చదివే ఒక మేడం సుక్మా నుంచి వచ్చేది. కిరందుల్‌లో పుట్టిన తెలుగు పిల్ల. బుడిపెల ఆకులు సీసాల్లో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఏం బయటికొస్తాయో చూడమంది. వచ్చినవి ఆవగింజలో సగం లేవు. కొన్ని నల్లగా, మొద్దుగా. కొన్ని పసుపుగా, వెనక సూదిలాంటి తోకతో. ఆకుల్ని కుట్టి బుడిపెలు లేపేవి ఇవే అనుకున్నాను. తోకవాటిని వేలితో నలిపాను. నల్లవాటిని, పాపం అని, చెలకలోనే వదిలాను. పది రోజులు అదే పని.

మేడం మళ్ళీ వచ్చి, నలిగిన ఒకదాన్ని భూతద్దం కింద పెట్టింది. ఆమె చేతి కాగితం నిండా ప్రశ్నలే, ఒక్కోదానికి రెండే దారులు. నాకు చదువు రాదు. ఆమె చదివింది, నేను చూసి చెప్పాను. దారి మరవకుండా, ఉందంటే కుడివైపు, లేదంటే ఎడమవైపు చింతగింజ పెట్టుకున్నాను.

"రెక్కలో గీతలు గదులు కట్టాయా?"

"లేదు. ఒక్కటే గీత."

"అయితే పెద్ద కందిరీగల వంశం కాదు, వాటి చిన్న చుట్టం. రెక్క అంచున నల్ల చుక్క?"

"ఉంది."

"తోక, ఒంటంత పొడుగు?"

"ఉంది. ఇదే కదా మేడం దొంగది?"

ఆమె కాగితం దించింది. "కాదమ్మా. బుడిపె చేసేది ఆ నల్లది. ఇది తోకను బుడిపెలోకి దించి, నల్లదాని పిల్ల మీద గుడ్డు పెడుతుంది. దీని పిల్ల దాన్ని తినేస్తుంది. ఇవి ఎన్ని మిగిలాయి?"

"నలిపేసిన."

"అన్నీనా?"

"కనపడ్డయన్నీ."

ఆమె కాగితం మడిచింది. నేను గింజలు ఏరుకున్నాను.

ఇక ఒక్క సీసా మిగిలింది. మర్నాడు మరిది వచ్చి, "పురుగుల పెండ్లిళ్లు అయినయా? నాగలి ఎప్పుడు కట్టాలె?" అన్నాడు. సీసా చూపించాను. గుడ్డ కింద నాలుగు తిరుగుతున్నాయి. మూడింటికి తోక లేదు, వాటిని నలిపేశాను. ఒకదానికి ఉంది. దాన్ని చెలక మధ్యకు తీసుకుపోయి గుడ్డ విప్పాను. సీసా అంచున చాలాసేపు నిలబడి, ఎటో పోయింది.

"ఒక్కదాని కోసం ఏడాది ఆగుతవా వదినె?"

"చంపింది నేనే కదయ్యా. ఆగుతా."