గోల్‌కీపర్ మీద నేను రాసిన వాక్యం

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చే ఏడాది ఎవరెవరు చేరతారో కనిపెట్టడానికి తెలుగు అభిమానులం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. షార్జా పక్కనే ఉన్న అల్ కుసైస్‌లో ప్లస్ టూ చదువుతున్న గోల్‌కీపర్ రాకేశ్ మా దగ్గరికే వస్తానన్నాడు. అతన్ని ముందే గ్రూపులో చేర్చుకుని నెలంతా పొగిడాం. ఈ రోజు పొద్దున, అతను షార్జాలో వేరే కాలేజీకి వెళ్తున్నాడని తెలిసింది.

“ఖలాస్! నువ్వు బాగా రాస్తావుగా, వాణ్ణి ఒక్క ముక్కలో ఏకెయ్యవే,” అంది గ్రూపులోని స్వప్న.

రెండుసార్లు దిద్ది మరీ పెట్టాను: “ఈ గోల్‌కీపర్ చేతుల్లో బంతే కాదు, ఇచ్చిన మాట కూడా నిలవదు.” గ్రూపంతా నవ్వులే. నేను పొంగిపోయాను.

కాసేపటికి రాకేశ్ నంబరు నుంచి జవాబొచ్చింది.

“బిడ్డా, నేను రాకేశ్ నాయినను. ఈ ఫోను నాది. ఆడ ఫీజు మాఫ్ జేస్తమన్నరు, అందుకే నేనే పంపుతున్న. పోరడు స్కూల్ నుంచి రాకముందే అది తీసెయ్యవా?”

వెంటనే తీసేశాను. అప్పటికే మావాళ్ళు దాన్ని రాకేశ్ స్కూలు పిల్లలందరికీ పంపేశారు.

అది మీ దాకా వస్తే నన్నేమైనా అనండి, వాక్యం బాగుందని మాత్రం అనకండి.