జెనిఫర్ ఏరిన చిత్రిక

మదనపల్లెలో ఫోటోలకు ఫ్రేములు కట్టే జెనిఫర్‌ది నా టైలరు షాపు పక్క షాపే. మనిషి మంచిదే, కానీ పగ పట్టిందంటే వదలదు. పదహారేళ్లుగా వదలని పగ ఒకటి ఆమెకుంది. అది మోజెస్ సార్ మీద. ఆ సంగతి విన్నాక నాకూ కడుపు మండింది, అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మోజెస్ సార్ ఆమెకు వడ్రంగం నేర్పిన మేస్త్రి. ఇరవై ఏళ్ల వయసులో ఆమె మొదటి ఫ్రేము చేసి చూపిస్తే, ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, మూలలో సందుందని అందరికీ చూపించాడు. ఆడపిల్ల చేతిలో మూల కలవదన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? దాన్ని విరిచి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద టీ కాయించి, పనిలో ఉన్న నలుగురికీ పోయించాడు. ఆమె చేతికీ ఒక గ్లాసు ఇచ్చాడు. ఆ ఫ్రేము ఆమె చనిపోయిన నాన్న ఫోటో కోసం చేసుకున్నది.

తప్పు తన చేతిదేననుకొని రెండేళ్లు కుమిలిపోయింది. తర్వాత బెంగళూరులో ఫర్నిచర్ పనికి పోయినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఫ్రేము మూలలు కలవాలంటే, కోసిన చెక్క చివరను షూటింగ్ బోర్డు అనే పలకకు ఆనించి, చెక్కను చివ్వి నున్నచేసే చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోస్తారు. కాబట్టి చిత్రిక అడుగు ఒక్కటే నున్నగా ఉంటే చాలదు. అడుగూ పక్కా తొంభై డిగ్రీల మూల కొలిచే మూలమట్టానికి సరిపోవాలి. అది తప్పితే దేవుడు దిగొచ్చి తోసినా మూల కలవదు. మోజెస్ సార్ ఆమెకిచ్చింది పక్క వంకరపోయిన చిత్రిక.

అప్పటినుంచి చిత్రికలు ఏరడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పుంగనూరు పాత ఇనుము అంగట్లోకి సరుకు వచ్చిందంటే బస్సెక్కి పోతుంది. ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూసి, పడుకోబెట్టి ఊగుతుందేమో నొక్కి, మూలమట్టం ఆనించి మరీ తీసుకుంటుంది. వంకరది ఒకటి మాత్రం కావాలనే తెచ్చి, తుడిచి, నూనె రాసి దాచింది. ఎవరికోసమని నేను అడగలేదు.

పోయిన ఏడు మోజెస్ సార్ కుప్పం నుంచి వచ్చాడు. అక్కడ ఆయనకు చిన్న ఫ్రేముల షాపుంది. చర్చి పండగకు ఇరవై ఫ్రేములు ఒప్పుకున్నాడట, ఆయన చిత్రిక కిందపడి పగిలిందట. నా శిష్యురాలివి కదా, మంచిదొకటి ఏరివ్వమన్నాడు. పొయ్యి సంగతి ఆయనకు గుర్తున్నట్టే లేదు. జెనిఫర్ నవ్వుతూ లోపలికి పోయి, దాచిందే తెచ్చి చేతిలో పెట్టింది. నేను చూస్తూ నోరు మూసుకున్నాను.

నెలకు తిరిగొచ్చాడు. ఇరవైలో ఒక్క ఫ్రేమూ కలవలేదు, చర్చివాళ్లు పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. అయినా ఆయన చిత్రికను ఒక్క మాట అనలేదు.

"చేతులు పట్టు తప్పినాయమ్మా. షాపు మూసేస్తాండాను. ఇది నీ దగ్గరే పెట్టుకో."

ఇదే కదా ఆమెకు కావలసింది. అయినా కసి తీరలేదు. కొట్టిందెవరో తెలియకుండానే ఆయన దెబ్బ తిని పోతే ఏం లాభం?

"మీ చేతులు బాగుండాయి సార్. చిత్రికే వంకర. తెలిసే ఇచ్చినా. ఆపొద్దు మీరు నాకిచ్చింది గూడా ఇట్లాంటిదే."

ఆయన దాన్ని చాలాసేపు తిప్పితిప్పి చూశాడు.

"పక్క సూడాలని నాకెవరూ చెప్పలే. ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు నేర్పించినా, నాకే తెలీదు."

నాకు జాలేసింది. ఆమెకు వేయలేదు.

"నేను సూపిస్తా, శనివారం రాండి. ఆపొద్దు టీ తాగినోళ్లను గూడా పిల్చుకోని రాండి."

నేనైతే మళ్లీ ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. ఆయన వచ్చాడు, నలుగురినీ వెంటబెట్టుకొని. జెనిఫర్ ఎవరినీ కూర్చోమనలేదు. చిత్రికను బల్ల మీద పడుకోబెట్టి, మూలమట్టం ఆనించి, సార్‌ను వంగి చూడమంది. ఏం కనిపిస్తోందని అడిగింది. సందు, అన్నాడు మెల్లగా.

"గట్టిగా చెప్పండి సార్. వెనకుండేవాళ్లకు వినపడలే."

ఆయన గొంతు సవరించుకొని గట్టిగా చెప్పాడు. అప్పుడుగానీ ఆమె వాళ్లకు కుర్చీలు వేయలేదు.