కాంపౌండరు గుక్క

హాలియా దవాఖానలో కాంపౌండరు ఏసోబు ఎక్కువ మాట్లాడడు. రోగులు తెచ్చుకున్న సీసా కడిగి, ఎర్రమందు పోసి, పూటల లెక్కకు గాట్లు పెట్టిన కాగితం అంటించి, మెత్తగా నవ్వుతాడు. ఆ నవ్వే కొంప ముంచింది. ఊరి బయట డేరా టాకీసులో హత్యల సినిమా ఆడుతోంది. అందులో చివరికి హంతకుడని తేలేది, మెత్తగా నవ్వుతూ మందులో విషం కలిపే, అందరూ మంచివాడనుకున్న ఒక కాంపౌండరే. చూసొచ్చినవాళ్లు మందు పోసిన సీసాను తీసుకోకుండా మళ్లీ ఏసోబు వైపే జరిపారు. సాగర్ కాలువ తవ్వే పనిలో దగ్గు పట్టుకున్న సోమమ్మ ఒక్కతే నోరు విప్పింది: "జర నువ్వొక గుక్క తాగియ్యి బిడ్డా." ఏసోబు నవ్వి తాగాడు. వారమంతా అందరికీ అలాగే తాగి ఇచ్చాడు.

అసలు ఆ సినిమాలో ఏముందో చూద్దామని ఆదివారం తానూ వెళ్లాడు. మర్నాడు సోమమ్మ మళ్లీ వచ్చింది. ఏసోబు మందు కలిపి, అలవాటుగా సీసా ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. తన చేత్తో కలిపిన మందునే వెలుతురుకు పట్టి చూశాడు, వాసన చూశాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదమ్మా," అని నవ్వి, గుక్క మింగి చూసేసరికి సోమమ్మ దగ్గుకుంటూ గడప దాటుతోంది. తన సీసా కూడా అడగలేదు.