యాంటెనా మీది ఎర్ర గీత

చిక్కడపల్లిలో ఒక అద్దె ఇంట్లో ఉండేది మా ఆఫీసు. దాని డాబా మీద, నేలలో దిగగొట్టిన ఇత్తడి మేకుకు సరిగ్గా పైన, స్టాండు మీద గొడుగు లాంటి యాంటెనా ఉండేది. ఉపగ్రహం నెత్తిమీదుగా పోతున్నప్పుడు దాని కూతను హెడ్‌ఫోన్లలో వింటూ రికార్డు చేయడం మా పని. ఆ రికార్డులతోనే అది ఏ దారిన పోతోందో లెక్క కట్టేవారు.

ఆ లెక్క తేలాలంటే మేమెక్కడున్నామో కచ్చితంగా తెలియాలి. చిక్కేమిటంటే సంకేతం యాంటెనా కొసకో అంచుకో తగిలినట్టు లెక్కకు రాదు. కంటికి కనబడని ఒక బిందువు దగ్గర అందినట్టు వస్తుంది. ఆ బిందువు కోసం యాంటెనాను నాలుగు దిక్కులకూ తిప్పుతూ, పక్కనే ఇంకో యాంటెనాతో పోల్చి చూసుకుంటూ ఆరు వారాలు గడిపాం. పంతొమ్మిది వందల అరవై తొమ్మిది దసరాకు నాలుగు రోజుల ముందు మా ఆఫీసరు గారు యాంటెనా గొడుగు కింది కాడ చుట్టూ సన్నగా ఎర్ర రంగు గీత గీశారు. ఇక రోజూ మేకు నుంచి ఆ గీత దాకా కొలుచుకోవడమే. గీత యాంటెనా అంచుకు ఎంత దిగువన ఉందో విడిగా రాసిపెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆయుధపూజకు యాంటెనాను దించి కడిగారు, స్టాండు విప్పేశారు. యాంటెనాను మోసేదీ తిప్పేదీ పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండే రోజుకూలీ. అతను కాడ పొడుగునా నూనెలో కలిపిన కుంకుమ బొట్లు పెట్టాడు.

"జర మీరు గూడ ఒక పువ్వు పెట్టండి సార్, కూత మంచిగ వినొస్తది" అన్నాడు.

నేను కిందికి దిగిపోయాను. మేం క్రైస్తవులం; పూజ చేసిన వస్తువును చేత పట్టుకుని పనిచేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, ప్రార్థన చేసుకుని, కిరసనాయిలు గుడ్డతో కాడంతా తుడిచాను. నూనె కారి కాడంతా ఎర్రబారింది; ఎర్రగా ఉన్నదంతా కుంకుమే అనుకున్నాను.

పది గంటలకు ఆఫీసరు గారు టేపు పట్టుకుని వచ్చారు.

"గీతేదీ?"

నేను తుడిచిందేమిటో అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం కూలీ వైపు తిరిగారు. "నూనె పూసింది నువ్వేగా?"

"నేనే సార్. గని నేను తుడ్వలే."

"ఆరు వారాల పని! ఈ శనివారం దాకా చేసి వెళ్లిపో. ఇంక రావద్దు."

పర్మనెంటు చేస్తారని నాలుగేళ్లుగా కాచుకుని ఉన్నాడు అతను. నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అశోక్‌నగర్ గదిలో రోజూ మోకాళ్ల మీద ఉన్నా ప్రార్థనలో మాట కూడేది కాదు. అతను రోజూ పనికి వచ్చి ఎప్పటిలాగే పలకరిస్తూనే ఉన్నాడు. శనివారం వెళ్లబోతూ, "మీరు ప్రార్థన చేస్తరు గద సార్, నా కోసం గూడ జర చెయ్యండి" అన్నాడు.

ఆదివారం నారాయణగూడలో మా సంఘానికి ప్రభువు బల్ల ఉంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి నా వరుస లేచింది. ఆ తప్పు దాచుకుని నేను లేవలేకపోయాను. పక్కనున్న పెద్దాయన "ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే తలూపి బయటికి వచ్చాను. అది కూడా అబద్ధమే. అక్కణ్ణుంచి కవాడిగూడకు నడిచాను.

గీత తుడిచింది నేనేనని అతనితో చెప్పాను.

"నన్నొక మాట అడిగితే ఏమైతుండె సార్? బొట్టు నేనే తీస్తుంటి. నేను పెట్టినప్పుడు గీత మీద చెయ్యి పడనియ్యలే."

లోపలి నుంచి అతని భార్య, "గీ సార్‌నేనా నిన్నటిదాక మంచోడు, మంచోడన్నవు?" అంది. అతను ఆమెను కసురుకోలేదు.

సోమవారం ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు గారు అంతా విన్నారు. "అతన్ని అందరి ముందూ అన్నాను. మీరూ అందరి ముందే చెప్పండి" అన్నారు. చెప్పాను. అతన్ని పనిలో ఉండమన్నారు. నా సంగతి పై ఆఫీసుకు రాస్తానన్నారు.

మళ్లీ మొదటి దిక్కు నుంచి మొదలుపెట్టాం. ఏ రోజు ఏ కాగితం వస్తుందోనని గేటు వైపు చూస్తూనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. అతను యాంటెనాను తిప్పి మర బిగించాడు.

"ఉత్తరం దిక్కుకు పెట్టిన సార్" అన్నాడు, నా వైపు చూడకుండా.