బంగారుపాళ్యం పోస్టు మీద అంతమంది ఎందుకు పడుతున్నారు?

నా ప్రయాణాల బ్లాగులో తలకోన జలపాతం మీద రెండు వారాలు చెక్కి చెక్కి రాస్తే, చదివింది మా బంధువులు మాత్రమే. అదీ నేను ఫోన్ చేసి అడిగితే. అలాంటిది, ఒక వేసవిలో బంగారుపాళ్యం మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ముందు టీ తాగి, అక్కడి ట్రాక్టర్ల బారు చూసి రాసిన నాలుగు ముక్కలకు ఈ మామిడి కాలంలో జనం ఎగబడుతున్నారు. ఏం వెతుక్కుంటూ వస్తున్నారా అని చూస్తే, అందరిదీ ఒకే మాట: ‘ఫ్యాక్టరీ లైను’. కింద వ్యాఖ్యలు ఇంకా విచిత్రం. ‘గేటు కాడ’, ‘బంకు దాటింది’, ‘కదల్లేదు’. పేర్లు లేవు, పొగడ్త లేదు, తిట్టయినా లేదు. మా జిల్లాలో ఇలాంటి గుట్టు మాటలు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది ఎర్రచందనం స్మగ్లింగే. రేపు పోలీసులొచ్చి ఈ బ్లాగు ఎవరిదని అడిగితే? నాకు నిజంగానే భయం వేసింది. ఆ సాయంత్రమే వ్యాఖ్యల పెట్టె మూసేసి, మర్నాడు పొద్దున్నే సంగతి తేల్చుకుందామని బయలుదేరాను.

తిరుపతిలో ఆరున్నరకు బస్సెక్కితే రెండు గంటల్లో చిత్తూరు. అక్కడ ఇడ్లీ తిని పలమనేరు బస్సెక్కితే ముప్పావు గంటలో బంగారుపాళ్యం. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. పక్క సీటాయన “యాడికప్పా?” అన్నాడు. ఎందుకడుగుతున్నాడో అనుకుని “బంగారుపాళ్యానికి, ఊరికే” అన్నాను. “ఊరికే బంగారుపాళ్యానికి ఎవురొస్తారబ్బా!” అని ఆయనే నన్ను అనుమానంగా చూసి సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వరస వెంటే వెనక్కి నడిచాను. పెట్రోలు బంకు వచ్చింది, దాటింది. కల్వర్టు వచ్చింది, అదీ దాటింది. అప్పటికి నా బుర్రలో ఏదో మెదలడం మొదలైంది. చిట్టచివరి ట్రాక్టరు దగ్గర ఒకాయన కాయల మీద తడి గోనెలు కప్పి, ఫోన్ చూసుకుంటూ తిట్టుకుంటున్నాడు. పేరు మునిరత్నం, యాదమరి వైపు రైతు. ఆయన ఫోన్లో ఉన్నది నా పోస్టే.

“అందులో ఏముందన్నా?” అన్నాను, తెలియనట్టు.

“లైను ఎందాక వచ్చిందో దీంట్లో రాస్తారప్పా. ముందొచ్చినోడు ఎనకోడికి రాస్తాడు. అది సూసుకోనే ఇంటికాడ కాయ కోసేది.”

“ఫోన్లో గ్రూపు పెట్టుకోవచ్చు కదా?”

“ఊరికొక గ్రూపు ఉండాది. ఒకరిది ఇంకొకరికి కనపడదు. ఇదైతే లైను అని కొడితే ఎవురికైనా ముందొస్తాది. పైన టీ గురించి ఎవుడో సోది రాసినాడు, అది మేం సదవంలే.”

ఆ మాట గుచ్చుకుంది కానీ, అసలు దెబ్బ తర్వాత తగిలింది.

“నిన్న గేటు కాడ అని రాసినారు. తెల్లారి సూస్తే కొత్తగా ఏం లే. లైను పెరగలేదనుకోని కోయించినా. ఈడికొస్తే ఇదీ కత. ఎవుడో దాన్ని మూసేసినాడంట. ఎండకి మెత్తబడితే ఫ్యాక్టరీవోళ్ళు తీసుకోరు. కోసినాక మళ్ళా చెట్టుకు అతికించలేం గదప్పా!”

“మూసింది నేనే అన్నా. అది నా బ్లాగు. దొంగల వ్యవహారమేమో అనుకున్నాను.”

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. కొడతాడేమో అనుకున్నాను.

“తిట్టేది మళ్ళా తిడతా. ముందు తెరువు. ఈ పొద్దు ఇంకెంతమంది కోస్తా ఉండారో!”

అక్కడే నిలబడి తెరిచాను. ఆయన వెంటనే రాశాడు: ‘కల్వర్టు దాటింది. కోయొద్దండి.’

తిరుగు బస్సులో సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా రాతకు ఇంతమంది పాఠకులు ఉండరని ఎలాగూ తెలుసు. కానీ తన కాయ ఎలాగూ ఎండలో చిక్కుకుపోయినవాడు, ఎవరో తెలియని రైతు కాయైనా చెట్టు మీద నిలవాలని రాస్తాడని మాత్రం నాకు తట్టలేదు. దొంగలు అనుకోవడం చాలా సులువుగా తట్టింది.

మామిడి కాలంలో ఆ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: ట్రాక్టర్ల వల్ల ఇంకో గంట ఎక్కువ పెట్టుకోండి. ఎంత ఆలస్యమో తెలియాలంటే నా పోస్టు తెరిచి, టీ సోది వదిలేసి, నేరుగా కిందికి వెళ్ళండి. మునిరత్నం లోడు గేటు లోపలికి వెళ్ళిందో లేదో నేనూ అక్కడే చూస్తున్నాను. ఆయన ఇంకా ఏమీ రాయలేదు.