గిది బోధన్ డబ్బేనా?

మొన్న మా కంప్యూటర్ రైలు ఆటగాళ్ళ గ్రూపులో, నేనెన్నడూ ముఖం చూడని ఒకాయన నేను కూర్చిన బండి చూసి నన్ను నిలదీశాడు. ఇంజిన్ బాగుంది, రంగులు బాగున్నాయి, కానీ బోధన్ డబ్బాలు ముందెందుకు పెట్టారు సార్, జంక్షన్లో విడదీసేవి వెనక ఉండాలి కదా అని. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కూర్చుని అందరి మీదా విసుక్కుంటుంటే, నా పోరు పడలేక మా అమ్మాయి కంప్యూటర్‌లో పెట్టించిన ఆట ఇది. అందరూ అందులో బండి నడుపుతారు, నాకు మాత్రం బండిని కూర్చడం మీదే మోజు. ఏ ఇంజిన్ వెనక ఏ డబ్బా రావాలి, ఏ కిటికీ కడ్డీ వంగి ఉండాలి, ఎక్కడ ఎంత తుప్పు పట్టాలి, ఇవన్నీ నాకు నచ్చేదాకా అన్నానికి పిలిచినా లేవను. ఆయన పట్టుకున్న తప్పు నిజమే. నేను తెలిసే అలా పెట్టాను.

మన వయసు వాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది. అప్పట్లో నిజామాబాద్‌లో మేమెక్కే బండి జానకంపేట జంక్షన్ దాకా ఒకటే బండి. అక్కడ చివరి రెండు డబ్బాలను విప్పి, వేరే ఇంజిన్ తగిలించి బోధన్‌కు పంపేవాళ్ళు, మిగతాది గోదావరి దాటి మరాఠీ ఊళ్ళ వైపు వెళ్ళిపోయేది. డబ్బాకు బోర్డు వేలాడేది గానీ దాన్ని చదివేవాళ్ళు తక్కువ, అడిగేవాళ్ళే ఎక్కువ. "గిది బోధన్ డబ్బేనా?" అని ఒకరినొకరు అడుక్కుంటూ ఎక్కేవాళ్ళు, కూర్చున్నాక కూడా ఇంకోసారి అడిగేవాళ్ళు.

అప్పుడు నేను పసుపు మార్కెట్లో కొత్తగా గుమాస్తాగా చేరి, టౌన్లో గది తీసుకుని, నా అంతటి దొర లేడనుకుంటూ తిరిగేవాణ్ణి. బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. బాపు తల్లిని, అంటే మా నాయనమ్మను, మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్ళం. చిన్నప్పుడే అమ్మవారు పోసి అవ్వకు ఒక కన్ను పోయింది, ఉన్న ఆ ఒక్క కంటికీ శుక్లం వస్తే నిజామాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కట్టి, పూటపూటా చుక్కలు వేయాలని చెప్పి పంపారు. బోధన్ స్టేషన్లో బాపు దింపుకుంటాడు, ఇక్కడ ఎక్కించడమే నా పని.

నాకేమో మ్యాట్నీ ఆట మొదలయ్యే వేళ దాటిపోతోంది. మందుసీసా, సద్దిమూట ఆమె ఒళ్ళో పెట్టి, అలవాటు కొద్దీ చివరి డబ్బాలోకి ఎక్కించాను.

"బిడ్డా, గిది బోధన్ డబ్బేనా?"

"గదే అవ్వా, కూసో," అన్నాను, బోర్డు వైపు తల కూడా తిప్పకుండా.

ఎందుకో ఆ ఒక్కరోజు బోధన్ డబ్బాలను ఇంజిన్ పక్కన తగిలించారు. ఆ సంగతి నాకు మర్నాడు బాపు నా గది తలుపు కొట్టినప్పుడు తెలిసింది. అవ్వ బోధన్ల దిగలే, ఏ డబ్బాల ఎక్కిచ్చినవ్ రా అని అడిగాడు. బోధన్ డబ్బాలనే బాపూ, అవ్వనే మధ్యల దిగి మారిందో ఏమో అన్నాను. అంత అబద్ధం అంత తొందరగా నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నాలుగో రోజుకు అవ్వ దొరికింది. గోదావరికి అవతల ఏదో స్టేషన్లో చాయ్ అమ్ముకునే మరాఠీ ఆవిడ అన్నాళ్ళూ జొన్నరొట్టె పెట్టి చూసుకుందట. బోధన్ వస్తే ఫ్యాక్టరీ చెరుకుమడ్డి వాసన వస్తుంది కదా, ఆ వాసన రాలేదని అవ్వ ఎక్కడా దిగకుండా బండి ఆగిపోయేదాకా కూర్చుందట. మందుసీసా దారిలోనే పోయింది, కంటికి చీము పట్టింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు.

నువ్వెందుకు మారినవే అని బాపు కోప్పడుతుంటే, గోడకానుకుని నిలబడి ఉన్నాను. నా మాట వినపడకపోయినా ఎలా కనిపెట్టిందో, అవ్వ నా వైపే ముఖం తిప్పి, "అవు కొడుకా, నేనే మారిన. నాకే తెల్వకపాయె," అంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. కాకపోతే బండెక్కిన ప్రతిసారీ, నేను చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నా, ఆ ప్రశ్న నన్ను అడిగేది కాదు. ఎదుటి సీటు వాళ్ళను అడిగేది. బాపుకు నేను నిజం చెప్పలేదు. చెబుదామనుకుంటుండగానే ఇద్దరూ వెళ్ళిపోయారు.

అందుకే, ఆయనెవరో తప్పన్న ఆ బండినే మళ్ళీ మళ్ళీ కూరుస్తుంటాను. ఇప్పుడు బోధన్ వెళ్ళే అసలు బండి అంతా ఒకటే సెట్టు, విప్పేదీ తగిలించేదీ లేదు, ఎక్కడ కూర్చున్నా బోధన్‌లో దింపుతుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, అందరూ ఫోన్లోనే చూసుకుంటారు. నా ఆటలో మాత్రం బోర్డు మీద బోధన్ అని పెద్ద అక్షరాలతో రాసి, డబ్బా ఇంజిన్ పక్కనే పెట్టి, దాని తలుపు తెరిచి, ప్లాట్‌ఫారం దగ్గర బండిని ఆపి ఉంచుతాను. అవ్వ వచ్చినా నన్ను అడగదని తెలుసు. ఎదుటి సీట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అని, ఆ డబ్బాలో ఒక మనిషి బొమ్మను కూర్చోబెట్టాను.